వాట్సాప్‌లో వచ్చిన ‘చలాన్’ ఏపీకే ఇన్‌స్టాల్ అయిపోతే మొదటి గంటలో ఏం చేయాలి?

కాలనీ_సెక్రటరీ

అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోనూ చుట్టాల గ్రూపుల్లోనూ ‘ఆర్‌టీఓ చలాన్’, ‘పీఎం కిసాన్’, ‘కేవైసీ అప్‌డేట్’, చివరికి ‘పెళ్లి శుభలేఖ’ అని కూడా ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ వేసే ఫైళ్లు) తిరుగుతున్నాయి. వస్తున్నది మనకు తెలిసినవాళ్ల నంబర్ల నుంచే కాబట్టి పెద్దవాళ్లు అనుమానించకుండా నొక్కేస్తున్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పకపోయినా డబ్బు ఎలా పోతోంది? ఫైలు డౌన్‌లోడ్ అయితేనే ప్రమాదమా, ఇన్‌స్టాల్ చేస్తేనా? పొరపాటు జరిగాక ముందు ఏది చేయాలి, తర్వాత ఏది? గ్రూపులో పిన్ చేసి పెట్టాలి, తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

ఆండ్రాయిడ్_మేస్త్రి

డౌన్‌లోడ్ అయి ఊరుకుంటే ఏమీ కాదండీ. ఫైలు తీసేయండి, అంతే. ఐఫోన్‌లో ఏపీకే అసలు పనిచేయదు. ఇన్‌స్టాల్ నొక్కి, అది అడిగిన అనుమతులన్నీ ఇచ్చినప్పుడే కథ మొదలవుతుంది.

ఈ యాప్‌లు ముఖ్యంగా అడిగేది ఎస్సెమ్మెస్‌లు చదవడానికి, పంపడానికి అనుమతి. కొన్ని నోటిఫికేషన్లు చూడనివ్వమని, యాక్సెసిబిలిటీ (తెర మీద ఉన్నది చదివి, మన బదులు నొక్కే అనుమతి) ఆన్ చేయమని కూడా అడుగుతాయి. అందుకే ఓటీపీ మీరు చెప్పక్కర్లేదు, మెసేజ్ మీ ఫోన్‌లో పడగానే దాని కాపీ అవతలివాడికి చేరిపోతుంది.

ఎస్సెమ్మెస్ పంపే అనుమతి ఇంకా ప్రమాదం. కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్ పెట్టుకుంటే, బ్యాంకులో ఉన్న నంబరు నుంచి ఒక మెసేజ్ వెళ్లాలి కదా. ఆ మెసేజ్‌ను ఈ దొంగ యాప్ మీ సిమ్ నుంచే పంపేస్తుంది. వాడి ఫోన్‌లో మీ యూపీఐ తెరుచుకుంటుంది. ఇక పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, గడువు తేదీ, ఓటీపీ కావాలి. ‘చలాన్ చూడాలంటే 1 రూపాయి కట్టండి’ అంటూ కార్డు వివరాలు నింపమనే పేజీ వచ్చేది ఇందుకే. పోయేది ఆ రూపాయి కాదు.

ఇలాంటి చాలా యాప్‌లు తమ గుర్తును (ఐకాన్‌ను) దాచేసుకుంటాయి. ఏమీ తెరుచుకోలేదు కదా అని మనవాళ్లు ధీమాగా ఉంటారు, అది వెనకాల పనిచేస్తూనే ఉంటుంది.

బ్రాంచి_కౌంటర్

వరుస అడిగారు కాబట్టి చెబుతున్నాను. చాలామంది ముందుగా యాప్ తీసేసి, అదే ఫోన్‌లో పాస్‌వర్డులు మారుస్తారు. రెండూ తప్పే. యాప్ పూర్తిగా పోలేదనుకోండి, కొత్త పాస్‌వర్డు కూడా వాడికే చేరుతుంది.

1. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వైఫై కూడా ఆగిందో లేదో చూడండి, కొన్ని ఫోన్లలో అది ఆన్‌లోనే ఉండిపోతుంది.

2. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు మూడూ ఆపించండి. నంబరు కార్డు వెనక, పాస్‌బుక్ మీద ఉంటుంది. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతకొద్దు, అక్కడ దొంగ నంబర్లు కాచుకుని ఉంటాయి. ఫిర్యాదు నంబరు అడిగి, టైముతో సహా రాసుకోండి.

3. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, లావాదేవీ నంబరు అడుగుతారు. యూపీఐ అయితే అది 12 అంకెల రిఫరెన్స్ నంబరు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో జారిపోతుంది, ఎక్కడ ఉండగా పట్టుకుంటే అక్కడే నిలిపేస్తారు. తెల్లారాక చూద్దాం అనుకుంటే ఏటీఎంలోంచి నోట్లై వెళ్లిపోతుంది. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు నింపాలి.

4. నష్టం ఎవరిదన్నది ఎప్పుడు చెప్పారన్నదాని మీద ఉంటుంది. 2017 జూలై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారుడి తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేని మోసాన్ని 3 పనిదినాల్లోపు చెబితే అతనికి నష్టం సున్నా. వివరాలు తానే ఇచ్చుకుంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది అతనిదే. కానీ చెప్పిన తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే. టైము రాసుకోమన్నది అందుకే. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) వెళ్లవచ్చు, రుసుము లేదు.

ఆండ్రాయిడ్_మేస్త్రి

పై వరుసకు ఒకటి కలపాలి. సిమ్ తీసి మామూలు కీప్యాడ్ ఫోన్‌లో వేయండి. ఓటీపీలు ఆ ఫోన్‌కే వస్తాయి, దొంగ యాప్‌కు అందవు. అందులోంచే ##002# డయల్ చేయండి. వాడు మీ నంబరుకు కాల్ ఫార్వర్డింగ్ (మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లడం) పెట్టి ఉంటే అది నెట్‌వర్క్‌లో ఉంటుంది, ఫోన్ ఆపేసినా, సిమ్ తీసినా పోదు. ఓటీపీ కాల్ రూపంలో వస్తే వాడికే వెళ్తుంది. ఈ కోడ్ ఫార్వర్డింగులన్నీ తీసేస్తుంది.

తర్వాత పాత ఫోన్ సంగతి. ముందు వేరే ఫోన్‌తో ఆ చాట్‌ను, ఫైలు పేరును, వచ్చిన మెసేజ్‌లను ఫొటోలు తీయండి, పోలీసులకు అవి కావాలి. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోన్‌లో ఉన్నదంతా చెరిపి కొత్తదానిలా చేయడం. యాప్ తీసేస్తే సరిపోదా అంటారు. అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కుడుపడకపోతే సెట్టింగ్స్‌లోని డివైస్ అడ్మిన్ యాప్‌ల (ఫోన్ మీద పెత్తనం ఇచ్చిన యాప్‌ల) జాబితాలో దాన్ని ఆపి తీయవచ్చు, నిజమే. అయినా బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌కు రీసెట్టే నయం. బ్యాకప్ నుంచి ఫొటోలు, కాంటాక్టులు తెచ్చుకోండి, యాప్‌లు మాత్రం ప్లే స్టోర్ నుంచి మళ్లీ వేసుకోండి.

వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి తెలియనివన్నీ లాగౌట్ చేయాలి, రెండంచెల పిన్ పెట్టాలి. లేకపోతే అదే ఫైలు మీ పేరుతో మీ గ్రూపులన్నిటికీ పోతూ ఉంటుంది.

కాలనీ_సెక్రటరీ

చాలా ఉపయోగం అండీ. డబ్బు పోలేదు, బ్యాలెన్స్ అలాగే ఉంది అనుకోండి. అప్పుడు కూడా బ్యాంకుకు వెళ్లాలా?

బ్రాంచి_కౌంటర్

తప్పకుండా వెళ్లాలి. సేవింగ్స్ బ్యాలెన్స్ ఒక్కటే చూసి వచ్చేయొద్దు. నెట్ బ్యాంకింగ్ వాడి చేతికి చిక్కితే ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను మధ్యలో తీసేయవచ్చు, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్ హామీగా అప్పు) తీసుకోవచ్చు, ముందే మంజూరైన పర్సనల్ లోన్‌ను ఖాతాలో వేయించుకుని అటే మళ్లించవచ్చు. అందుకని డిపాజిట్లు, లోన్లు, కొత్తగా చేరిన పేయీలు (డబ్బు పంపడానికి చేర్చిన ఖాతాలు), మారిన ఈమెయిల్ అడిగి చూపించుకోండి.

నిలిపేసిన డబ్బు ఎలా వస్తుందన్నది కూడా చాలామంది అడుగుతారు. సాధారణంగా కోర్టు ఉత్తర్వుతో వస్తుంది. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా తిరిగి ఇప్పించారు. ‘కమీషన్ ఇస్తే రికవరీ చేయిస్తాం’ అని ఫోన్ చేసేవాళ్లు రెండోసారి దోచేవాళ్లు.

ఆండ్రాయిడ్_మేస్త్రి

పెద్దవాళ్ల ఫోన్లలో ఇవాళే చేసిపెట్టాల్సింది ఒకటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్, స్పెషల్ యాప్ యాక్సెస్, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్. అందులో వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్ మూడూ ఆపేయండి. ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ (హానికర యాప్‌లను పట్టే తనిఖీ) ఆన్‌లో ఉందో లేదో చూడండి. యూపీఐకి పెన్షన్ ఖాతా కాకుండా, రెండు మూడు వేలుండే వేరే ఖాతా కలపండి.

చలాన్ ఉందో లేదో చూడాలంటే ప్రభుత్వ ఈ-చలాన్ సైటులో బండి వివరాలు కొడితే తెలుస్తుంది. ప్రభుత్వం పంపే ఎస్సెమ్మెస్ హెడర్ (పంపినవారి పేరు) చివర ‘జీ’ అక్షరం ఉంటుంది, పది అంకెల మొబైల్ నంబరు ఉండదు. డబ్బు పోకుండా అనుమానం మాత్రమే ఉంటే ఆ నంబరును టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీలోని ‘చక్షు’లో (అనుమానపు కాల్స్, మెసేజ్‌ల ఫిర్యాదు చోటు) పెట్టండి. డబ్బు పోతే చక్షు కాదు, 1930.