మెడ ఆపరేషన్ అయినాక తినేప్పుడు ఒక పక్కనే చెమట, ఎందుకు?

హంద్రీ ఒడ్డు, కర్నూలు:
అన్నా, మా నాయనకి పోయినేడు చెవి కింద గడ్డ తీసేసినారు, పెరోటిడ్ అనే ఎంగిలి ఊరే గ్రంథి అన్నారు, చెవి ముందర నుంచి మెడ దాకా కోసినారు. గాయం బాగానే మానింది కానీ ఈ మధ్య ఉగ్గాని బజ్జి తిన్నా, మజ్జిగన్నంలోకి ఊరగాయ నంజుకున్నా ఆ పక్క చెంప ఎర్రగా అయ్యి చెవి ముందర చెమట కారుతాంది, రెండో పక్క పొడిగానే ఉంటాది. ఎండకేమో అనుకుంటే ఫ్యాన్ కింద కూర్చున్నా అంతే. లోపల కుట్లు ఊడి ఎంగిలి బయటికొస్తాందని ఆయనకి భయం, పెండ్లిండ్లకి పోయినా బంతిలో కూర్చోడంలేదు. గడ్డ మళ్లీ వచ్చిందంటారా?

ఈఎన్‌టీ నర్సు, కడప:
భయపడాకండి, మీరు చెప్పేది ఫ్రే సిండ్రోమ్ లాగుంది, పోలండ్ డాక్టరమ్మ ఫ్రే 1923లో దీన్ని వివరించింది, అందుకే ఆ పేరు. గ్రంథికి ఎంగిలి ఊరమని చెప్పే సన్న నరాలు ఆపరేషన్‌లో తెగుతాయి, మళ్లీ పెరిగేటప్పుడు గ్రంథి ఉండదు కదా, పైనున్న చర్మంలో చెమట గ్రంథులకి పోయి కలుస్తాయి. రెండింటికీ ఎసిటైల్‌కోలిన్ అనే ఒకే రసాయనం పనిచేస్తుంది, అందుకే నోట్లో పులుపు పడితే చెంపకి చెమట. నరాలు పెరగడానికి నెలలు పడుతుంది కాబట్టే ఆలస్యంగా మొదలైంది. ఎంగిలి కారడమైతే మామూలుగా ఆపరేషన్ అయిన కొత్తల్లోనే కనపడుతుంది. ఇది గడ్డ తిరిగొచ్చిన గుర్తు కాదు, కానీ చేతికి కొత్తగా గడ్డ తగిలినా, మూతి వంకర పోయినా వెంటనే చూపించండి.

చిత్రావతి, అనంతపురం:
మా అత్తకి దవడ కింద గ్రంథి తీసినాక ఇట్లే అయింది, ఆమెకి దవడ కిందే చెమట. డాక్టరు అక్కడ అయోడిన్ పూసి ఆరినాక పిండి పొడి చల్లి నిమ్మకాయ తినమన్నాడు, చెమట పట్టిన చోటంతా నల్లనీలంగా మారింది, అక్కడికక్కడే తేలిపోయింది.

హంద్రీ ఒడ్డు:
మందు ఉందా అక్కా? నాయనకి షుగర్ కూడా ఉండాది.

ఈఎన్‌టీ నర్సు, కడప:
ఉంది. తక్కువగా ఉంటే అల్యూమినియం క్లోరైడ్ ఉన్న చెమట మందు పూస్తారు, కోత పూర్తిగా మానిన చర్మం మీదే. ఎక్కువుంటే అదే చోట చర్మంలోకి బోటాక్స్ ఇంజెక్షన్లు, నెలల తరబడి పనిచేస్తాయి, తగ్గినాక మళ్లీ వేయించుకోవచ్చు. షుగర్ చాలా ఏండ్లుగా ఉన్నోళ్లకి కూడా తినేప్పుడు ముఖానికి చెమట పడుతుంది కానీ అది మామూలుగా రెండు పక్కలా ఉంటుంది, ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి. ఆపరేషన్ చేసిన చోటికే కాగితాలన్నీ తీసుకొని పోండి, బయాప్సీ రిపోర్టు మర్చిపోవద్దు. అంతవరకు నాయన్ని పక్కన రుమాలు పెట్టుకుని అందరితోపాటే తినమనండి.