చర్చ: సిమ్స్ కుటుంబాన్ని ధారావాహికగా రాస్తున్నవాళ్ళు ఇటు రండి

పెన్నాగట్టు: బొమ్మ మనుషుల సంసారాన్ని మనమే నడిపించే కంప్యూటర్ ఆట సిమ్స్ 4లో లెగసీ ఛాలెంజ్, అంటే ఒకే వంశాన్ని పది తరాలు నడిపే పందెం, ఆడుతూ ఆ కుటుంబం కథను వారానికో భాగం రాస్తున్నాను. పది తరాల్లో ఇది మూడోది. మూలపురుషుడు మైపాడు నుంచి వచ్చిన చేపల వ్యాపారి. ఆరో భాగం పెట్టిన మర్నాడే పొయ్యి అంటుకుని నాయనమ్మ చనిపోయింది. కథంతా ఆమె చుట్టూ అల్లుకున్నాను. పాత సేవ్ (ఆటను అంతకుముందు దాచుకున్న చోటు) తెరిచి బతికించుకోవచ్చా? ఒక్కో భాగం ఎంత నిడివి ఉండాలి? ఆటలో తీసిన బొమ్మలు ఎన్ని పెట్టాలి?

కావలి రైలుకట్ట: బతికించకండి. నా కథలో పెద్దకొడుకు ఈతకొలనులో మునిగిపోతే సేవ్ తెరిచి వెనక్కు తెచ్చుకున్నాను. ఆ తరువాత పది భాగాలు రాసినా అతడి నోట ఒక్క మంచి మాట పలికించలేకపోయాను. అక్కడే కథ ఆపేశాను. ఇప్పటికీ బాధగానే ఉంది.

ఒంగోలు పాతకాపు: 2000లో వచ్చిన మొదటి సిమ్స్ నుంచి ఆడుతున్నాను. కుటుంబ ఆల్బమ్ అందులోనే ఉండేది, ఫోటో కింద నాలుగు మాటలు రాసుకునేవాళ్ళం. కథ రాసేవాళ్ళు ముందు ఆటలో వయసు పెరగకుండా ఆపుకోవాలి. లేకపోతే భాగం పూర్తయ్యేలోపు పసిపిల్ల పెళ్ళీడుకొస్తుంది. ఈపాటి కూడా తెలియకుండా మొదలుపెడితే ఎలా?

కావలి రైలుకట్ట: వయసు ఆపితే మంటలు ఆగుతాయా అండీ? ఆయన అడిగినది చదివి మాట్లాడండి.

గూడూరు నిమ్మతోట: ఆరో భాగంలో నాయనమ్మ చేపల పులుసు దించగానే మనవడికి వడ్డించింది. నెల్లూరు ఇల్లాలు అలా చేస్తుందా? రాత్రి వండి మూతపెట్టి మర్నాడు తినాలి. మామిడికాయ ముక్క ఊసే లేదు.

పెన్నాగట్టు: ఆటలో మన పులుసు ఎక్కడుందండీ? పళ్ళెంలో చేప కనిపిస్తే పులుసు అని రాశాను.

కందుకూరు చెరువు: మామిడికాయ కాపు ఉన్నప్పటి మాట. మిగతా రోజుల్లో చింతపండే.

గూడూరు నిమ్మతోట: నెల్లూరు పులుసు గురించి కందుకూరు వాళ్ళు చెప్పాలా?

కందుకూరు చెరువు: 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మేమూ నెల్లూరు జిల్లానే. మీ గూడూరును 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు. జిల్లా మారితే చేతివంట మారుతుందా?

మార్కాపురం పలక: పులుసు తగాదా ఆపండి. పెన్నాగట్టు గారూ, నైపుణ్యం తక్కువైనవాళ్ళు వండితేనే పొయ్యి అంత తేలిగ్గా అంటుకుంటుంది. కథలో ఆమె గొప్ప వంటగత్తె. ఆటలో ఆమె వంట ఏ స్థాయిలో ఉంది?

పెన్నాగట్టు: రెండు. తాతది ఎనిమిది.

మార్కాపురం పలక: అయితే అన్నేళ్ళూ వండింది తాత. పేరు ఆమెకు ఇచ్చాడు. ఆయన ఊళ్ళో లేని రోజున ఆమె పొయ్యి వెలిగించింది.

ఒంగోలు పాతకాపు: ఆడింది ఒకటి, రాసింది ఒకటి అయితే అది ధారావాహిక కాదు.

పెన్నాగట్టు: పాత బొమ్మలు ఇప్పుడే తీసి చూశాను. మూడో భాగంలో పొయ్యి ముందు గరిటె పట్టుకుని నిలబడింది తాతే. నాయనమ్మ బాగా కనిపించాలని ఆయన వైపు కత్తిరించి పెట్టాను. భుజం మాత్రం మిగిలింది. సేవ్ తెరవను. ఏడో భాగంలో ఆ బొమ్మను పూర్తిగా పెడతాను.

గూడూరు నిమ్మతోట: తాత ఊరికి వెళుతూ పులుసు వండిపెట్టి వెళ్ళాడని రాయండి. దానిని వేడి చేయడానికే ఆమె పొయ్యి వెలిగించింది. మర్నాటి పులుసును వేడి చేయనవసరం లేదని ఆమెకు తెలియదు.