“పటంలో చూపిన విధంగా”: వినేవాళ్లకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: చూపులేని పిల్లల కోసం పదో తరగతి జీవశాస్త్రం రికార్డు చేస్తున్నానండీ. “పటం చూడండి”, “పటంలో చూపిన విధంగా” అని మాటిమాటికీ వస్తోంది. “చూడండి” తీసేసి వేరే మాట వేయాలా? గుండె పటం దగ్గర ఆగిపోయాను.

జవాబు: “చూడండి”ని కదపకండి. చూపులేనివాళ్లూ “నిన్న మ్యాచ్ చూశా”, “రేపు చూద్దాంలే” అనే అంటారు. “తడిమి గ్రహించండి” అని మారిస్తేనే ఎబ్బెట్టు. అసలు చిక్కు “చూపిన విధంగా”తోనే. “రక్తం పటంలో చూపిన విధంగా ప్రవహిస్తుంది” అని వింటే ఏం తెలిసింది? ప్రవహిస్తుందని, అంతే! మిగతాదంతా బొమ్మ మీదికి తోసేశారు.

గుండె పటాన్ని పైనుంచి కిందికి వర్ణించకండి, రక్తం వెంట వెళ్లండి: “ఒంట్లోంచి వచ్చిన రక్తం మహాసిరల ద్వారా కుడి కర్ణికకు చేరుతుంది. కవాటం దాటి కుడి జఠరికలోకి దిగుతుంది. అక్కడినుంచి పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకు వెళ్తుంది. ఆక్సిజన్ నింపుకుని పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు, తర్వాత ఎడమ జఠరికకు, చివరికి బృహద్ధమనిలోకి పోతుంది.”

ఒక మెలిక ఉంది. ఆ గుండె మనకెదురుగా ఉన్న మనిషిది కాబట్టి కుడి కర్ణిక కాగితం మీద ఎడమ పక్కన పడుతుంది. “పటంలో ఎడమవైపు కుడి కర్ణిక” అని చదివారో, పిల్లలు తికమకపడతారు. కుడి ఎడమలు ఆ మనిషివేనని మొదట్లోనే చెప్పేయండి.

మరొకరు: కంప్యూటర్లో పెట్టే పాఠానికి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకు బదులు వినిపించే వర్ణన) రాస్తే “ఈ చిత్రంలో” అని మొదలెట్టకండి. అది బొమ్మ అని ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ముందే చెబుతుంది.

ఇంకొకరు: చూపున్నవాళ్ల సంగతీ చూడండి. “ఎర్రది మంచి రక్తం, నీలిది చెడు రక్తం” అంటాం (ఆ “చెడు” ఎవరు తగిలించారో గానీ!). నలుపు తెలుపు జిరాక్స్‌లో రెండూ బూడిదరంగే. ఒకదానికి నిండు గీత, ఇంకోదానికి చుక్కల గీత వేస్తే సరి. గ్రాఫుల్లో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకూ అదే దారి.

ప్రశ్న వేసినవారు: ధన్యవాదాలండీ. వేళ్లతో తడిమే పటం కూడా చేయిద్దామనుకుంటున్నాం. పేర్లన్నీ దాని మీదే పట్టించాలా?

జవాబు: పట్టవండీ. బ్రెయిల్ అక్షరాన్ని అచ్చక్షరంలా కుదించలేం. “బృహద్ధమని” అని పూర్తిగా వేస్తే బాణానికి చోటుండదు. “బ” అని వేసి, పేర్ల పట్టీ వేరే కాగితం మీద ఇవ్వండి.