కర్ర తగిలినా దెబ్బలో బరువు కనిపించట్లేదు, ఏం చేయాలి?

కావలి_కుర్రోడు

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది కావలి, డిగ్రీ ఫైనలియర్. బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో చిన్న కర్రసాము ఫైట్ ఒకటి చేస్తున్నాను, నిమిషం లోపే ఉంటుంది. చెరువు కట్ట మీద ఇద్దరు తలపడతారు, చివర్లో ఒకడు దెబ్బ తిని కట్ట మీది నుంచి పొలంలో పడతాడు. మోడల్స్, లైటింగ్, చెరువు నీళ్లు అన్నీ బాగానే కుదిరాయి. కదలికే కుదర్లేదు. ఇద్దరూ నీళ్లలో మునిగి కొట్టుకుంటున్నట్టుంది. కర్ర తగిలినా తగిలినట్టు ఉండదు, పాదాలు నేల మీద జారుతున్నాయి. ఫ్రేములు పెంచితే స్మూత్ అవుద్దిరా అన్నాడు మా ఫ్రెండ్. పెంచితే ఇంకా నీరసంగా తయారైంది.

సెకనుకు 24 ఫ్రేములు. కట్ట ఎత్తు 1.2 మీటర్లు, కింద పడటానికి 30 ఫ్రేములు ఇచ్చాను. కర్ర ఎత్తిన దగ్గర్నుంచి తగిలేదాకా 20. వీడియో కింద పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి. మోకాప్‌కి, అంటే నిజం మనిషి కదలికల్ని రికార్డు చేసి బొమ్మకు తగిలించే పద్ధతికి పోవడమే మేలంటారా?

నెల్లూరు_గ్రాఫిక్స్

మిక్సమో అనే సైట్‌లో అకౌంట్ తెరిస్తే ఫైట్ కదలికలు ఫ్రీగా దొరుకుతాయి బ్రో. కత్తి ఫైట్ ఒకటి తీసుకుని కత్తి బదులు కర్ర పెట్టెయ్. సాయంత్రానికి పనైపోద్ది.

ఒంగోలు_కీఫ్రేమ్

తమ్ముడూ, వీడియో చూశాను. హైదరాబాద్‌లో స్టూడియోల్లో కొన్నేళ్లు పనిచేసి ఇప్పుడు ఒంగోల్లో ఇంటి నుంచే చేసుకుంటున్నాను, అందుకని కాస్త చనువుగానే చెప్తా. మిక్సమో జోలికి ఇప్పుడే పోవద్దు. ఆ కదలికలు నీ బొమ్మకు తగిలిస్తే రెండో చెయ్యి కర్రను వదిలి గాల్లో తిరుగుతుంది. దాన్ని సరిచేయాల్సింది మళ్లీ నువ్వే. ఆ పనేదో ముందే నేర్చుకో.

ముందు ఆ పడటం సంగతి తేలుద్దాం, అది ఉత్త లెక్క. 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడే మనిషి దాదాపు అర సెకనులో నేల మీదుంటాడు. అంటే నీకు 12 ఫ్రేములు. 30 ఫ్రేములు పట్టాలంటే వాడు ఏడున్నర మీటర్ల పైనుంచి, అంటే రెండంతస్తుల మేడ పిట్టగోడ మీది నుంచి పడాలి! పోనీ ఆ 12 అయినా సమానంగా పంచకూడదు. మొదటి 6 ఫ్రేముల్లో దిగేది 30 సెంటీమీటర్లే, మిగతా 90 తర్వాతి 6లో దిగుతాడు. కదలికను గీతగా చూపించే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి చూడు, నీ గీత రెండు చివర్లా మెత్తగా వంగి ఉంటుంది. బ్లెండర్ మామూలుగా అలాగే ఇస్తుంది. దాంతో నీవాడు నేల దగ్గరికొచ్చేసరికి స్పీడు తగ్గించుకుని మర్యాదగా దిగుతున్నాడు. నేల తగిలే కీ (నువ్వు పోజు ఖాయం చేసిన ఫ్రేమ్) దగ్గర గీత వంపు మార్చే హ్యాండిల్‌ను వెక్టర్, అంటే తిన్నగా ఉండే రకం చేసి, గీత ఏటవాలుగా వచ్చి నేలను గుద్దేట్టు పెట్టు.

ఇక దెబ్బ. ఆ 20 ఫ్రేములూ ఒకే వేగంతో పోతున్నాయి. వెనక్కి తీయడానికి 12 దాకా ఇయ్యి, అక్కడ 3, 4 ఫ్రేములు బిగబట్టు, విసురు మాత్రం 3 ఫ్రేముల్లో అయిపోవాలి. తగిలిన చోట 2 ఫ్రేములు ఇద్దర్నీ దాదాపు ఆపెయ్. ఫైటింగ్ గేముల్లో హిట్ స్టాప్ అనేది ఇదే. విసురు మరీ త్వరగా అయిపోతోందని నీకు భయమేస్తుంది. వెయ్యనీ, కంటికి దెబ్బ ఆనేది ఆ తేడా వల్లే.

తిరునాళ్లకి మన వైపు బండలాగుడు పోటీలు పెడతారు కదా, ఈసారి పోయి ఒంగోలు జతను పక్కనుంచి ఫోన్‌లో తియ్యి. ముందు తలలు దిగుతాయి, మెడలు సాగుతాయి, వెనక గిట్టలు మట్టిలో దిగబడతాయి, గొలుసు బిగుస్తుంది. అప్పటిదాకా బండ అంగుళం కదలదు. బరువంతా కనపడేది ఆ కదలని క్షణంలోనే. నీ ఫైటర్లకు తల, నడుం, చెయ్యి, కర్ర అన్నీ ఒకే ఫ్రేమ్‌లో మొదలై ఒకే ఫ్రేమ్‌లో ఆగుతున్నాయి. ఫోన్‌లో 120 స్లో మోషన్‌లో తీస్తే ప్రతి ఐదో ఫ్రేమ్ నీ ఒక ఫ్రేమ్‌కి సరిపోతుంది, పోల్చుకోవడం సుళువు. మామూలు 30లో తీసి అదే నంబర్లు వేసుకుంటే మాత్రం టైమింగ్ తేడా కొట్టుద్ది.

ఉదయగిరి_పిల్ల

నాకు యానిమేషన్ తెలీదు. మా తాతయ్య కర్రసాము నేర్పేవారు, చిన్నప్పుడు నేనూ పట్టాను. మీ హీరో రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి నిలబడ్డాడండీ, అట్లా నిలబడితే ఎదుటివాడు చేత్తో తోసినా పడతాడు. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక ఉండాలి. కొట్టేటప్పుడు వెనక కాలి మడమ తిరుగుతుంది, దాని వెంట నడుం, తర్వాత భుజం, మణికట్టు ఆఖర్న. మీ వీడియోలో చేతులొక్కటే పోతున్నాయి, నడుం ఉన్నచోటే ఉంది. ఇంకోటి, ఇద్దరూ తమ కర్రల్నే చూసుకుంటున్నారు. అట్లా చూస్తే తాతయ్య మోకాలి మీద ఒకటిచ్చేవారు. చూపు ఎదుటి మనిషి మీదే ఉండాలి.

కావలి_కుర్రోడు

థ్యాంక్స్ అన్నా, థ్యాంక్స్ అక్కా. పడటం 12కి తెచ్చాను, దెబ్బకే అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది! చూపు కూడా మార్చాను, ఫైట్‌లో కోపం ఇప్పుడు తెలుస్తోంది. కానీ నడుం తిప్పితే పాదాలు ముందుకంటే ఎక్కువ జారుతున్నాయి. కర్ర కొస కూడా మధ్యలో ఎక్కడో గతుక్కుమంటోంది, ఎక్కడో దొరకట్లా.

ఒంగోలు_కీఫ్రేమ్

అక్క చెప్పిన మడమ సంగతి మా ఫీల్డ్‌లో చాలామందికి తెలీదు, రాసిపెట్టుకో.

పాదాలు జారుతున్నాయంటే కాళ్లు ఎఫ్‌కేలో ఉన్నాయన్నమాట. ఎఫ్‌కేలో కాలు నడుం నుంచి వేలాడుతుంది, నడుం తిరిగితే పాదం దాని వెంటే పోతుంది. ఐకేలో పాదం చోటు నువ్వు పెడతావు, కాలు దాన్ని బట్టి వంగుతుంది. దానికి మార్చి పాదాన్ని నేలకు కట్టెయ్. అప్పుడు నడుం దూరంగా పోతే కాలు పూర్తిగా సాగి మోకాలు టక్కుమని ఎగురుతుంది. నడుం రెండు సెంటీమీటర్లు కిందికి దించు చాలు. ఫైటర్ కాస్త వంగి నిలబడటం ఎటూ మంచిదే.

కర్రను ఒక్క చేతికే తగిలించు, రెండో చెయ్యి ఐకేతో కర్రను పట్టుకోవాలి. కర్ర కొసన చిన్న ఎంప్టీ (రెండర్‌లో కనపడని గుర్తు) పెట్టి, కర్ర వెంటే కదిలేట్టు దానికి పేరెంట్ చేసి, ఆ ఎంప్టీ పోయే దారిని చూపించే మోషన్ పాత్ లెక్కించమను. చుక్కలు వరసగా వస్తాయి. దగ్గర దగ్గరగా ఉన్నచోట నెమ్మది, దూరంగా ఉన్నచోట వేగం. చుక్కలన్నీ వంపులో పోతుంటే ఒక్కటి మాత్రం లోపలికి తప్పి ఉంటుంది, నీ గతుకు అదే. ఆ ఫ్రేమ్ మీద కీ ఉంటే తీసేసి చూడు, సగం సార్లు అక్కర్లేని కీయే ఉంటుంది.

కావలి_కుర్రోడు

దొరికింది అన్నా, 47వ ఫ్రేమ్! మణికట్టు మీద ఎప్పుడో పెట్టి మర్చిపోయిన కీ. తీసేశాను. ఎడమ మోకాలు ఇంకా ఒకచోట ఎగురుతోంది, నడుం దించుతున్నాను. రాత్రికి కొత్త వీడియో పెడతా.