3 లక్షల గేమింగ్ పీసీ, నల్లగొండ: 5080 తీస్కోవాల్నా, 5070 టీఐ తీస్కొని మిగిలింది యూపీఎస్‌ల పెట్టాల్నా?

పానగల్_పిక్సెల్
అన్నలకు నమస్తే. కొత్త గేమింగ్ పీసీ కట్టిస్తున్న, మానిటర్‌తో కలిపి 3 లక్షలు. ఖాయం చేసినవి: రైజెన్ 7 9800ఎక్స్3డీ, బీ850 బోర్డు, డీడీఆర్5 6000 సీఎల్30 ర్యామ్ 16 జీబీవి రెండు, 2 టీబీ జెన్4 ఎస్ఎస్‌డీ, 1000 వాట్ల గోల్డ్ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), 27 అంగుళాల 1440పీ 240 హెర్ట్జ్ మానిటర్. గ్రాఫిక్స్ కార్డు కాడ ఆగిపోయిన, ఎన్విడియా 5080నా, 5070 టీఐనా అని. ఇండియాల లాంచ్ ధరలు 5080కి 1,07,000, 5070 టీఐకి 80,000. ఆ 27 వేలు కార్డుల పెట్టాల్నా, మంచి యూపీఎస్‌ల పెట్టాల్నా? కరెంటు సంగతి మీకు తెల్సిందే.

జడ్చర్ల_జీపీయూ
5080 తీస్కో తమ్మీ. దీంట్ల ఆలోచించుడేముంది? 5070 టీఐల 8,960 కోర్లు, 5080ల 10,752. ఇరవై శాతం ఎక్కువ. 5080కి ఎన్విడియా అడిగే ఎస్ఎంపీఎస్ 850 వాట్లు, నువ్వు 1000 పెడుతున్నవ్. అంత పెట్టి చిన్న కార్డు గుచ్చితే ఆ ఎస్ఎంపీఎస్ ఎవరి కోసం? కార్డు నాలుగైదేండ్లు ఉంటది. యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేండ్లకు మార్చాల్సిందే. ఫ్రేములు కార్డు ఇస్తది, యూపీఎస్ ఇయ్యది.

సూర్యాపేట_స్టీమ్
ఏఎండీ వాళ్ల 9070 ఎక్స్‌టీ కార్డు కూడా 16 జీబీనే. ఒకసారి చూడున్రి.

జడ్చర్ల_జీపీయూ
డీఎల్ఎస్ఎస్ (ఎన్విడియా కార్డులల్ల ఫ్రేములు పెంచే సాఫ్ట్‌వేర్) అలవాటైనోనికి అది చెప్పకు భాయ్.

దేవరకొండ_వోల్ట్
కోర్లు ఇరవై శాతం పెరిగితే ఫ్రేములు ఇరవై శాతం పెరగవు. రెండు కార్డుల్ల 16 జీబీ జీడీడీఆర్7, రెండిటికీ 256 బిట్ల బస్సు. 4కేల తేడా 15 శాతం అటూ ఇటూ. 1440పీల ఇంకా తక్కువ కనపడ్తది. పిక్సెల్ తమ్ముడు తీసుకునేది 1440పీ. 110 ఫ్రేములు వచ్చే కాడ 125 వస్తయి, గంతే.

ఇగ యూపీఎస్ లెక్క. 5070 టీఐ 300 వాట్లు, ప్రాసెసర్ ఆటల 80–100, బోర్డు, ఫ్యాన్లు, డ్రైవులకు 50–60, మానిటర్‌కు ఇంకో 50. ఎస్ఎంపీఎస్ల పొయ్యే నష్టం కలిపితే గోడ కాడ దగ్గర దగ్గర 550. 5080 అయితే ఇంకో 60–70 పైన. డబ్బా మీద 1000 వీఏ అని రాసున్న యూపీఎస్ చాలావరకు ఇచ్చేది 600 వాట్లే. కార్డు ఒక్క క్షణం ఎగిసిందంటే ఓవర్‌లోడ్ అని కూసి ఆగిపోతది. 1500 వీఏ, 900 వాట్లది గావాలె. ప్యూర్ సైన్ వేవ్‌దే గావాలె, అంటే లైన్ కరెంటు లెక్కనే నున్నగ ఇచ్చేది. తక్కువ ధరకు దొరికేవి స్టెప్ వేవ్‌వి, మెట్లు మెట్లుగ ఇచ్చేవి. యాక్టివ్ పీఎఫ్‌సీ (లైన్ నుంచి కరెంటు సాఫీగ గుంజే సర్క్యూట్) ఉన్న ఎస్ఎంపీఎస్‌లు కొన్ని ఆ వేవ్‌కు ఠక్కున ఆగుతయి. అంటే యూపీఎస్ ఉండంగనే పీసీ పోతది. 27 వేలు అక్కడ పెట్టాలె.

జడ్చర్ల_జీపీయూ
ఇంట్ల ఇన్వర్టర్ ఉంటది కద అన్నా. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్నదాని మీద ఈ పీసీ గంట దాక నడుస్తది. నువ్వు చెప్పే యూపీఎస్ లోపల రెండు చిన్న బ్యాటరీలు, 500 వాట్లు గుంజితే ఐదు పది నిమిషాలు. దేనికి పైసలు పెట్టినట్టు?

దేవరకొండ_వోల్ట్
ఇన్వర్టర్ వెనుక రెండు మోడ్లు ఉంటయి, ఎప్పుడన్న చూసిన్రా? యూపీఎస్ మోడ్ల దాదాపు 180 నుంచి 260 వోల్టుల దాకనే లైన్ తీసుకుంటది. ఎండకాలం సాయంత్రం మోటర్లు, ఏసీలు అన్నీ ఒక్కసారి నడుస్తుంటే 175కి పడ్తది. అప్పుడు కరెంటు ఉండంగనే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి పోయి కూర్చుంటది. అది చూడలేక ఇంట్లోల్లు నార్మల్ మోడ్‌కు తిప్పుతరు. నార్మల్ మోడ్ల మార్పిడికి పట్టే టైం ఫ్యాన్లకు సరిపోతది, పీసీకి సరిపోదు. పైగ 900 వీఏ ఇన్వర్టర్ మీద మూడు ఫ్యాన్లు, టీవీ ఉండంగ 550 వాట్లు మీద పడితే అది ఎత్తదు.

జడ్చర్ల_జీపీయూ
సరిపోదు అని మీరంటే అయితదా? ఎస్ఎంపీఎస్‌లకు పెట్టిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం కరెంటు పోయినా 80 శాతం లోడ్ మీద 17 మిల్లీసెకండ్లు ఎస్ఎంపీఎస్ నిలబడాలె. 1000 వాట్లదాని మీద 500 లోడ్ అంటే ఇంకా ఎక్కువే నిలుస్తది. యూపీఎస్ మోడ్ల ఇన్వర్టర్ 10 మిల్లీసెకండ్లకు మారుతది. 17ల నుంచి 10 తీసేస్తే ఎంత? నేను అడిగేది గిది ఒక్కటే.

దేవరకొండ_వోల్ట్
కాగితం మీద 7. కరెంటు ఒక్కసారి పోతే మీ లెక్క రైటే. మన దిక్కు గాలివానకు అది మూడు నాలుగు సార్లు కొట్టుకొని పోతది. ఎస్ఎంపీఎస్ల పెద్ద కెపాసిటర్ మళ్ల నిండేలోపల ఇంకో దెబ్బ పడ్తది.

జడ్చర్ల_జీపీయూ
17ల నుంచి 10 తీసేస్తే ఎంత అని అడిగిన. జవాబు 7. థాంక్స్.

పాలమూరు_పోరడు
స్టెబిలైజర్ పెడితే అయిపాయె కద.

దేవరకొండ_వోల్ట్
పీసీకి వద్దు. ఎస్ఎంపీఎస్ 100 నుంచి 240 దాక తనే సర్దుకుంటది, 175 దానికొక లెక్క కాదు. మామూలు స్టెబిలైజర్ల రిలే టకటక మారుతుంటే లేని దెబ్బ తెచ్చుకున్నట్టు.

మిర్యాలగూడ_మెష్
కార్డు, యూపీఎస్ సరే, కేసు సంగతి ఎవ్వరూ అడగరా? రైస్ మిల్లుల దుమ్ము మాకు, గ్రానైట్ దుమ్ము ఇంకొకరికి. ముందల మెష్ ఉండాలె, దాని వెనుక తీసి కడిగే ఫిల్టర్ ఉండాలె. గాలి లోపలికి గుంజే ఫ్యాన్లు మూడు, బయటికి తోసేది ఒకటి. లోపలి ఒత్తిడి ఎక్కువుంటేనే సందుల నుంచి దుమ్ము రాదు. బ్లోయర్‌తో దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలుతో పట్టుకోవాలె, వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ పోతది.

ఇంకోటి, నీళ్ల కూలర్ గాలి కేసు మీదికి కొట్టనియ్యొద్దు. మన బోరు నీళ్లు ఎట్లుంటయో కూలర్ గడ్డి మీద పేరుకున్న తెల్ల పొర చూస్తే తెలుస్తది. ఆ తుంపర ఎగిరొచ్చి బోర్డు మీద ఆరితే అదే పొర అక్కడ. తడికి దుమ్ము కూడ అంటుకొని హీట్‌సింక్‌ల గట్టిపడ్తది.

సూర్యాపేట_స్టీమ్
మే నెలల గది 40 ఉంటే 360 లిక్విడ్ కూలర్ పెట్టాల్నా?

మిర్యాలగూడ_మెష్
9800ఎక్స్3డీకి అక్కర లేదు. రెండు ఫ్యాన్ల టవర్ కూలర్ చాలు. లిక్విడ్ కూడ గది గాలి కన్న చల్లగ చెయ్యదు. 25 గదిల 65 చూపించే కార్డు 40 గదిల 80 చూపిస్తది, ఏ కూలరైనా. కార్డు పవర్ లిమిట్ 80 శాతానికి దించు, ఫ్రేములు కొద్దిగనే తగ్గుతయి, వేడి మస్తు తగ్గుతది.

జడ్చర్ల_జీపీయూ
అట్ల దించాలన్నా పెద్ద కార్డే మేలు. దించిన 5080 కూడ 5070 టీఐ కన్న కింద పడదు. వోల్ట్ అన్న యూపీఎస్ షాపు పెట్టిండేమో, అందుకే ఇంత కష్టపడ్తుండు.

దేవరకొండ_వోల్ట్
మీరు కార్డుల కమిషన్ మీద బతుకుతున్నరా అని నేనడగలే. అడగమంటే అడుగుత.

పాలమూరు_పోరడు
షురూ అయింది.

పానగల్_పిక్సెల్
అన్నా, లొల్లి వద్దు. ఒకటి చెప్పడం మరిచిన. ఇది అద్దె ఇల్లు. ఇప్పుడున్న పాత పీసీ బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమంటది. ఎలక్ట్రీషియన్ వచ్చి "ఎర్త్ వైర్ రాలేదు, సాకెట్ల న్యూట్రల్‌కు ఎర్త్ పిన్నును కలుపుత, పోతది" అన్నడు. కలపమనాల్నా?

దేవరకొండ_వోల్ట్
వద్దు! ఎట్టి పరిస్థితుల్ల కలపనియ్యకు. ఎక్కడన్న న్యూట్రల్ వైరు తెగితే ఫేజ్ నీ పీసీ లోపల నుంచి తిరిగి ఆ న్యూట్రల్‌కు, అక్కడ నుంచి కేసు బాడీకి వస్తది. జివ్వుమనుడు కాదు, నిండు 230.

ఇప్పుడు వచ్చే ఝలక్ ఎందుకో చెప్తున్న. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి బాడీకి ఉంటయి. ఎర్త్ లేకుంటే బాడీ మీద సగం వోల్టేజీ, 115 దాక, తేలుతుంటది. కరెంటు తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమంటది అంతే, కానీ ఆ బాడీతోని హెచ్‌డీఎంఐ వైరు టీవీకి గుచ్చేటప్పుడు చిన్న నిప్పు లేస్తది. కార్డు పోర్టు అట్లనే కాలుతది. స్పైక్ బస్టర్ల లోపలి రక్షణల ఎర్త్‌కు కలిసే భాగం కూడ ఎర్త్ లేకుంటే ఉత్తదే.

పరీక్ష: మల్టీమీటర్ ఒక్కదాన్నే నమ్మొద్దు. తెగిపోయే దశల ఉన్న ఎర్త్ వైరు కూడ మీటర్‌కు 228 చూపిస్తది, లోడ్ లేదు కద. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య పెట్టి చూడాలె. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, అది ఇంతంత కరెంటుకే వెలుగుతది. ఇంట్ల ఆర్‌సీసీబీ (కరెంటు కారితే లైన్ తెంపే స్విచ్) ఉంటే అది పడిపోతది, అది వేరే సంగతి. పరీక్ష చేసేటప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ప్లగ్గులు పీకాలె. ఎర్త్ చెడిపోయి ఉంటే ఆ క్షణం వాటి బాడీలకు కూడ కరెంటొస్తది. నువ్వు చెయ్యకు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించు. న్యూట్రల్ కలుపుత అన్నాయనతో కాదు.

5070 టీఐ కూడ తర్వాత. ముందు ఎర్త్ రాడ్.

జడ్చర్ల_జీపీయూ
ఇప్పుడు అసలు మాట నేను చెప్త. ఇల్లు ఓనర్‌ది. ఎర్త్ గుంత తవ్వాలె, రాడ్ దింపాలె, మెయిన్ బోర్డు దాక వైరు గుంజాలె. ఆ పైసలు పిక్సెల్ తమ్ముడు పెడితే ఖాళీ చేసినంక రాడ్ పీక్కపోతడా? నేనున్న ఇంట్ల బోర్డు మార్పిస్తే అద్దెల కోసుకొమ్మన్నడు, కోసినంక నెలకే అద్దె పెంచిండు. అందుకే చెప్తున్న, అద్దెకున్నోడు పెట్టే ప్రతి రూపాయి తనతోని వచ్చేదాంట్లనే పెట్టాలె. కార్డు వస్తది. గోడల వైరు రాదు.

దేవరకొండ_వోల్ట్
ఇదన్నమాట. మొదటి నుంచీ 17లకెల్లి 10 తీసుడు ఎందుకు?

మీ మాటల న్యాయం ఉంది, కానీ దాని జవాబు 5080 కాదు. తనతో పోయే రక్షణ కూడ ఉంటది. చిన్న ప్లాస్టిక్ డబ్బాల 16 ఆంపుల ఎంసీబీ, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ ఒకటి, 16 ఆంపుల సాకెట్ బిగించి పెట్టుకోవచ్చు. ఇల్లు మారితే చంకల పెట్టుకొని పోవచ్చు. ఆర్‌సీసీబీకి ఎర్త్ లేకున్నా మనిషి నుంచి కరెంటు కారితే పడుతది. ప్రొటెక్టర్ ఎందుకంటే, ట్రాన్స్‌ఫార్మర్ కాడ న్యూట్రల్ ఊడితే 230 వచ్చే ఇంట్ల 400 దగ్గరికి వస్తది. ఒక ఇంట్ల లైట్లు మస్తు ఎక్కువ వెలిగి ఇంకో ఇంట్ల మసకబారితే అదే, 1912కి ఫోన్ కొట్టాలె. యూపీఎస్ కూడ ఆ 400కు నిలువదు, ముందల ఈ డబ్బా ఉండాలె.

జడ్చర్ల_జీపీయూ
ఆ డబ్బా ఒప్పుకుంటున్న. యూపీఎస్ ఒప్పుకోను. డబ్బాకు 27 వేలు కావు.

దేవరకొండ_వోల్ట్
డబ్బా ఆటను కాపాడదు, పీసీని కాపాడ్తది. బోర్డు బయోస్ (పీసీని లేపే ప్రోగ్రాం) అప్‌డేట్ మధ్యల కరెంటు పోతే ఏం చేస్తడు?

జడ్చర్ల_జీపీయూ
చెడిన బయోస్‌ను పెన్‌డ్రైవ్‌తో మళ్ల ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు తీసుకుంటడు.

మిర్యాలగూడ_మెష్
దాని మీదికెల్లి గుర్తొచ్చింది. కొత్తగ కట్టినంక మొదటిసారి ఆన్ చేస్తే డీడీఆర్5 ట్రైనింగ్‌కు (బోర్డు ర్యామ్‌ను సర్దుకునుడు) స్క్రీన్ నల్లగనే ఉంటది, కొన్ని నిమిషాలు. బోర్డు చచ్చిందని స్విచ్ తియ్యకు. కార్డు పవర్ వైరు ఎస్ఎంపీఎస్‌తో వచ్చిందే వాడు, సందు లేకుండ లోపలికి గుచ్చు, కనెక్టర్ కాడ 35 మిల్లీమీటర్ల దాక వంచకు. వేరే ఎస్ఎంపీఎస్ మాడ్యులర్ వైర్లు పట్టినా గుచ్చొద్దు, పిన్నులు వేరే ఉంటయి.

సూర్యాపేట_స్టీమ్
సికింద్రాబాద్ సీటీసీల (కంప్యూటర్ షాపులుండే చినాయ్ ట్రేడ్ సెంటర్) కొంటే ప్రతి పార్టు సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించుకో. ఒక షాపుల బిల్లు లేకుండ తక్కువకిస్తమన్నరు, వారంటీ అడిగేటప్పుడు మొకం తిప్పుకున్నరు.

జడ్చర్ల_జీపీయూ
ర్యామ్ మాత్రం ఆపకు, ముందు అదే కొను. 2025 చివరి నుంచి ధర ఎట్ల ఎక్కిందో చూసినవ్ కద. తర్వాత కలుపుదామని ఒక్క స్టిక్కు తీసుకోకు. రెండు తీసుకొని తర్వాత నాలుగు చేసినా 6000 నడుసుడు కష్టం.

పానగల్_పిక్సెల్
బల్బు పరీక్ష వేరే ఆయనతో చేయించిన. ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య మంచిగ వెలిగింది, ఎర్త్‌కు పెడితే ఎర్రగ మినుకుమన్నది. ఓనర్ రాడ్ దింపనియ్యమంటే సరే అన్నడు, ఖర్చు మనదే, అద్దెల కోసుకొమ్మన్నడు. వోల్ట్ అన్న చెప్పిన డబ్బా కూడ కట్టిస్తున్న. కార్డు 5070 టీఐ దిక్కే మొగ్గుతున్న, యూపీఎస్ ఇంకా అనుకోలె.

దేవరకొండ_వోల్ట్
మినుకుమన్నదంటే ఎర్త్ లేనట్టే లెక్క. రాడ్ దింపినంక అదే బల్బుతో మళ్ల చూడు. రాతి నేలైతే ఎండకాలం గుంతల నీళ్లు పొయ్యాలె.

జడ్చర్ల_జీపీయూ
అద్దెల కోసుకొమ్మన్నడా? రాడ్ తర్వాత, ముందు ఆ మాట వాట్సాప్‌ల రాయించుకో. ఎంత కోస్తరో అంకె కూడ ఉండాలె.