ఎన్నికల ఫలితాల సైటు నడిపేవాళ్లు ఒకసారి ఇటు రండి: ఫారం-20, మ్యాపులు, నంబర్ల గొడవ

లెక్కల_రాముడు
ఉమ్మడి రాష్ట్రం నుంచి 2024 దాకా అసెంబ్లీ ఫలితాలన్నీ ఒకచోట పెట్టి చిన్న సైటు నడుపుతున్నా. పార్టీల లెక్కతో పేచీ లేదు. 2024 అంటే టీడీపీ 135, జనసేన 21, వైసీపీ 11, బీజేపీ 8, అయిపోయింది. ఒక నియోజకవర్గం మీద నొక్కితే దాని చరిత్రంతా వరసగా రావాలంటేనే తల ప్రాణం తోకకొస్తోంది. పులివెందుల సీటు నంబరు 2014లో 248, 2019లో 129. నంబరుతో కలిపితే ఒక తంటా, పేరుతో కలిపితే ఇంకో తంటా. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

తెనాలి_టేబుల్స్
నంబరు సంగతి తేలికేనండి, 119 తీసేయండి. ఉమ్మడి రాష్ట్రంలో సిర్పూర్ 1, భద్రాచలం 119, ఆ తర్వాత ఇచ్ఛాపురం 120 నుంచి కుప్పం 294 దాకా. విడిపోయాక ఇచ్ఛాపురం 1, కుప్పం 175. లోక్‌సభకైతే 17 తీసేయాలి, 18గా ఉన్న అరకు 1 అయింది. తెలంగాణ నంబర్లు మారలేదు.

కాకపోతే ఈ చిట్కా 2009, 2014లకే. 2008లో నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీసిన పునర్విభజనకు ముందు గీతలే వేరు. మా తెనాలే చూడండి, 2004 వరకు లోక్‌సభ స్థానం, 2009 నుంచి ఉత్త అసెంబ్లీ స్థానం. పేరుతో కలిపారా, ప్రత్తిపాడు దగ్గర దొరికిపోతారు. కాకినాడ వైపు ఒకటి, గుంటూరు వైపు ఎస్సీ రిజర్వుడు ఒకటి, రెండూ ఒకే రాష్ట్రంలో. నేనైతే ఏ పునర్విభజన కింద పుట్టిన సీటో ఆ సంవత్సరం ముందు తగిలించి సొంత గుర్తింపు ఇస్తాను. 1978 నుంచి 2004 వరకు ఒక తరం, 2009 నుంచి ఇంకో తరం. రెండిటినీ కలిపి ఒకే గ్రాఫులో గీత లాగను. చదివేవాళ్లు అడుగుతారు, అయినా లాగను.

ఓరుగల్లు_డేటా
అన్నా, 2009 తర్వాత గీతలు కదల్లేదనుకుంటే పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాల కాడ దెబ్బతింటవ్. భద్రాచలం అప్పుడూ 119, ఇప్పుడూ 119, పేరు గదే. కానీ 2014ల ఓటేసిన చింతూరు, కూనవరం, వీఆర్ పురం ఇప్పుడు ఆంధ్రల రంపచోడవరం కిందికి పోయినయ్. అశ్వారావుపేట నుంచి కుక్కునూరు, వేలేరుపాడు పోలవరంల కలిసినయ్. పినపాక నుంచి కూడా బూర్గంపాడు మండలంల కొంత పోయింది. 2014, 2018 ఓటర్ల సంఖ్య పక్కపక్కన పెడితే జనం ఏమైండ్రని అడుగుతరు. ఈ అయిదు సీట్ల పేజీల్ల మాత్రం కింద ఒక ముక్క రాసిపెట్టు.

ఇంకోటి, ఫలితాల పట్టికల జిల్లా పేరు పెట్టకు. మా కాడ 10 ఉన్నయ్ 2016ల 31 అయినయ్, 2019ల 33. మీ దిక్కు 2022ల 13 కాస్తా 26. జిల్లాకు వేరే పట్టిక పెట్టి తారీఖులతోని కలుపుకో.

ఫారం20_బాధితుడు
మీకు పేర్లు, నంబర్ల బాధ. నాకు బూత్ స్థాయి బాధ. ఫారం-20 అంటే ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లో రాసే ఫలితాల పత్రం, చాలాచోట్ల అది స్కాన్ కాగితమే. ఒక జిల్లావి తీస్తే పేజీలు సగం అడ్డంగా తిరిగి ఉన్నాయి, స్టేపుల్ కింద మొదటి వరస బూత్ నంబర్లు మాయం, 3కీ 8కీ తేడా తెలియదు. సాఫ్ట్‌వేర్‌తో చదివించినా నమ్మకండి. అడ్డం కూడండి, నిలువు కూడండి, చివర్న పోస్టల్ ఓట్ల వరస కలిపి ఆ అభ్యర్థికి ప్రకటించిన మొత్తంతో సరిపోతేనే ఎక్కించండి. పోస్టల్ వరస ఏ బూత్‌కీ చెందదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో తేలింది. అలాంటి చోట ఆ వరస వదిలేస్తే మీ సైటులో గెలిచినవాడే మారిపోవచ్చు.

అభ్యర్థికో నిలువు వరస పెట్టే అలవాటుంటే మానుకోండి. 2019 నిజామాబాద్ లోక్‌సభలో 185 మంది. బూత్, అభ్యర్థి, ఓట్లు, అంతే. మూడే నిలువు వరసలు, పొడుగ్గా పోనివ్వండి.

లెక్కల_రాముడు
@ఫారం20_బాధితుడు సార్, ఒకే బూత్‌లో 2019, 2024 పోల్చి చూపిస్తే బాగుంటుందని అడుగుతున్నారు.

ఫారం20_బాధితుడు
అడుగుతారు, చేయొద్దు. ప్రతి ఎన్నికకు ముందు బూత్‌ల హేతుబద్ధీకరణ అని ఒకటుంటుంది. ఓటర్లు హద్దు దాటితే (2024లో 1,500) చీలుస్తారు, 112 పక్కన 112ఏ పుడుతుంది, మరోసారికి నంబర్లన్నీ జరుగుతాయి. 112 అంటే అదే బడి, అదే వీధి అన్న హామీ లేదు. మరీ కావాలంటే పోలింగ్ కేంద్రాల జాబితాలో భవనం పేరు చూసి, ఊరు స్థాయికి కలిపి చూపించండి.

మ్యాపుల_మాధవి
మ్యాపు గురించి ఎవరూ ఎత్తలేదేం? తెలంగాణ 2023 మామూలు మ్యాపులో రంగులేసి చూడండి. మజ్లిస్ గెలిచిన 7 సీట్లు ఫోన్‌లో ఆవగింజంత. సిర్పూర్ ఒక్కటే వాటన్నిటికంటే పెద్దగా కనబడుతుంది. అందుకే సీటుకో షడ్భుజి, అన్నీ ఒకే సైజులో ఇచ్చిన బొమ్మ పక్కన పెడతాను. మొదట్లో జనం తిట్టారు, మా ఊరు ఎక్కడుందో తెలియట్లేదని. ఇప్పుడు రెండూ ఉంచి మార్చుకునే మీట ఇచ్చాను.

సరిహద్దుల ఫైలు డేటామీట్ అనే, డేటాను అందరికీ పంచే బృందం దగ్గర దొరుకుతుంది. ఎక్కడ తీసుకున్నా ఓరుగల్లు గారు చెప్పిన అయిదు సీట్లు ముందు చూసుకోండి. ఫైలు తేలిక చేసేటప్పుడు ఒక్కో నియోజకవర్గాన్ని విడివిడిగా నునుపు చేస్తే మధ్యలో తెల్లటి సందులు పడతాయి. మ్యాప్‌షేపర్ అనే మ్యాపు ఫైళ్ల పనిముట్టులో అన్నీ కలిపి చేస్తే ఉమ్మడి గీత ఒకేలా తగ్గుతుంది.

కౌంటింగ్_రోజు
లెక్కింపు రోజు ముచ్చట. పేజీ తెరిచిన ప్రతిసారీ డేటాబేస్‌ను అడిగే పద్ధతైతే పొద్దున పదింటికే సైటు పడుకుంటుంది. కొన్ని నిమిషాలకోసారి పేజీలు తయారుచేసి ఉత్త ఫైళ్లుగా పెట్టేయండి. ఎన్నికల సంఘం ఫలితాల పేజీలు ఆ రాత్రే దాచుకోండి, తర్వాతి ఎన్నిక వచ్చేసరికి అక్కడ కొత్తవి వచ్చి కూర్చుంటాయి.

పోలింగ్ శాతం మీద మెయిళ్లకు సిద్ధంగా ఉండండి. 2024 ఆంధ్రకు 80.66 అని ఒకరు, 81.86 అని ఒకరు. మొదటిది ఈవీఎం ఓట్లు, రెండోది పోస్టల్ కలిపింది. రెండూ పెట్టి పక్కన ఏది ఏదో రాసేశాక మెయిళ్లు తగ్గాయి. ఆగలేదు.

లెక్కల_రాముడు
అందరికీ థాంక్స్. టీఆర్ఎస్, బీఆర్ఎస్ ఒకే పార్టీగా పెట్టాలా?

ఓరుగల్లు_డేటా
లోపల గుర్తింపు ఒకటే పెట్టు, పైన కనబడే పేరు మాత్రం ఆ ఎన్నికల ఏముంటే అది. 2018ల 88 సీట్లు గెలిచింది టీఆర్ఎస్, గట్లనే ఉండనీ. 2023ల 39 బీఆర్ఎస్‌వి. దుబ్బాక, హుజూరాబాద్, మునుగోడు ఉప ఎన్నికలను సాధారణ ఎన్నికల వరసల కలపకు, వాటికి తారీఖుతోని వేరే వరస పెట్టు.

తెనాలి_టేబుల్స్
ఇంకోటి రాముడు గారూ, విభజన చట్టంలో సీట్లు 175 నుంచి 225, 119 నుంచి 153 అని రాసి ఉంది కదా. ఎప్పుడైతే అప్పుడు, కొత్త తరం గుర్తింపుకు ఇప్పుడే ఒక గడి ఖాళీగా ఉంచుకోండి.