అప్‌డేట్: షేర్‌పాయింట్‌లో కొత్తవాళ్లకు ఒక ఫోల్డర్ మాత్రం కనిపించని సమస్య తీరింది

మాదాపూర్‌లోని మా ఆఫీసు షేర్‌పాయింట్ (ఫైళ్లు పంచుకునే మైక్రోసాఫ్ట్ సర్వీసు) టీమ్ సైట్‌లో, మెంబర్స్ గ్రూపులో ఉన్నా కొత్తగా చేరినవాళ్లకు ‘ఇన్వాయిస్‌లు’ ఫోల్డర్ కనిపించట్లేదని ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

పర్మిషన్ల సంగతి చూడమన్నవారి మాటే నిజమైంది. లైబ్రరీ (సైట్‌లో ఫైళ్లు, ఫోల్డర్లు ఉండే చోటు) సెట్టింగ్స్‌లో పర్మిషన్ల పేజీ తెరిస్తే, కొన్ని ఐటమ్స్‌కి విడి పర్మిషన్లు ఉన్నాయని పైన ఒక హెచ్చరిక వస్తుంది. పక్కనే ‘షో దీజ్ ఐటమ్స్’ లింకు. అంత పనికొచ్చే లింకును అంత మూలన ఎందుకు పెట్టారో! అది నొక్కితే మా ఫోల్డర్ బయటపడింది. ఎప్పుడో ఎవరో దాన్ని సైట్ పర్మిషన్ల నుంచి విడదీసి, అప్పటి నలుగురైదుగురికే యాక్సెస్ ఇచ్చారు. ఆ ఫోల్డర్ పర్మిషన్లలో ‘డిలీట్ యూనిక్ పర్మిషన్స్’ నొక్కగానే ఆ విడి పర్మిషన్లు పోయి, మళ్లీ సైట్ పర్మిషన్లే వర్తించి అందరికీ వచ్చేసింది.

అయితే నొక్కేముందు జాగ్రత్త. ఆ ఫోల్డర్‌ని విడిగా షేర్ చేసిన లింకులు పోతాయి. మా ఆడిటర్ గారికి మళ్లీ పంపాల్సి వచ్చింది. లోపలి సబ్‌ఫోల్డర్లకు సొంత పర్మిషన్లుంటే వాటినీ విడిగా చూసుకోవాలి.

క్యాష్ క్లియర్ చేయడం, బ్రౌజర్ మార్చడం, లైసెన్సు, వీపీఎన్... వీటికీ దీనికీ సంబంధమే లేదు.